చలికాలంలో ఒంటిపూట బడి

వానలు వెనకపట్టు పట్టి సంక్రాంతి ముగ్గులు పడేలోపు ప్రైమరీ బడి పిల్లలు ఏం నేర్చుకుంటారని అడిగితే విద్యాశాఖ పాఠ్యపుస్తకం చూపిస్తుంది. గోడకు వేలాడే క్యాలెండర్ చూసినవాళ్లకే అసలు సిలబస్ తెలుస్తుంది. తెలంగాణలో 2024 సంగతే చూడండి.

పరిసరాల విజ్ఞానం ముందే వచ్చేసింది. సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీల్లోకి చొరబడింది. మర్నాడు రాష్ట్రమంతా బళ్లకు సెలవు. వాగు ఎక్కడ పుడుతుంది, ఎటు పారుతుంది అనే పాఠం టీచరుతో నిమిత్తం లేకుండా నేరుగా ఇళ్లలోకే వచ్చి, పోతూ పోతూ పుస్తకాలను కూడా తడిపిపోయింది. వాగు ఒడ్డున ఇల్లు కట్టకూడదనే తరువాయి భాగం పెద్దల సిలబస్‌లోది. వాళ్లు ఏటా సప్లిమెంటరీ రాస్తూనే ఉన్నారు.

సైన్సుకు ప్రాజెక్టు వర్క్ ఉంటుంది. బడి సర్కారుదైనా ప్రైవేటుదైనా దాని ప్రయోగశాల మాత్రం వీధి చివరి స్టేషనరీ షాపే. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ సగం దించాక ఒక నాన్న వంగి లోపలికి తొంగి చూస్తాడు.

"అన్నా, థర్మకోల్ బాల్స్ ఉన్నయా? పొద్దుగాల్లకు సౌర కుటుంబం కావాలట."

షాపాయన సూర్యుడికి పెద్దదొకటి, గ్రహాలకు ఎనిమిది తీసి కవర్లో వేస్తాడు. నాన్న లెక్కపెట్టి, "గ్రహాలు తొమ్మిది కదనే!" అంటాడు. "ప్లూటోను 2006లనే తీసేసిన్రు సార్" అంటూ షాపాయన చిల్లర లెక్కపెడతాడు. ఆ రాత్రి ఖగోళశాస్త్రం ఒంటబట్టింది నాన్నకు, చేతులకు ఫెవికాల్ అంటింది అమ్మకు, మార్కులు మాత్రం పిల్లకు. అంత సమంగా పంపకం జరిగిన ఆస్తి మన దగ్గర అరుదు.

దసరా సెలవులు అక్టోబరు 2 నుంచి 14 దాకా, పదమూడు రోజులు. నిజం చెప్పాలంటే ఆ టర్ము మొత్తంలో పిల్లలు మనసుపెట్టి చదివింది అప్పుడే. తంగేడు ఏ గట్టున పూస్తుందో, గునుగుపూల కట్ట కొసను ఎలా సమంగా కోయాలో, బతుకమ్మ పైకి పోయేకొద్దీ వలయం ఎంత తగ్గాలో నానమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నారు. దీనికి మార్కులు లేవు కాబట్టి ఎవరూ మరిచిపోలేదు. 15న బడి తెరిచారు. వారం తిరగకుండానే సమ్మేటివ్ (ఎస్ఏ-1) పరీక్షలు పెట్టారు. పిల్లలు తెలిసిందంతా రాశారు. ప్రశ్నపత్రంలో తంగేడు లేదు, అంతే.

ఇక లెక్కలు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన ఉండాలి. అంటే రోజుకు నాలుగు గంటలు. నవంబరులో ఇంటింటి కుల సర్వే కోసం 36 వేలకు పైగా సెకండరీ గ్రేడ్ టీచర్లను (ఎస్జీటీలను), మూడు వేలకు పైగా ప్రైమరీ హెడ్మాస్టర్లను వాడుకున్నారు. దాంతో ఎండాకాలంలో పెట్టే ఒంటిపూట బడిని చలికాలంలో పెట్టారు: ఉదయం 9 నుంచి ఒంటిగంట దాకా. సరిగ్గా నాలుగు గంటలు! కాగితం మీద నిమిషం తగ్గలేదు. అందులోంచి ప్రార్థన, హాజరు, ఇంటర్వెల్ తీసేస్తే ఎంత మిగులుతుందన్నది పిల్లలకు హోంవర్క్.

టీచర్లను జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు తప్ప మరే పనికీ పంపకూడదని అదే చట్టంలోని 27వ సెక్షన్ చెబుతోంది. కుల సర్వే ఈ మూడింటిలో ఏది? జనాన్ని లెక్కపెడుతుంది కాబట్టి జనగణన లాంటిదే, ఓట్లతో సంబంధం ఉంది కాబట్టి ఎన్నికల లాంటిదే. పిల్లల చదువు వైపు నుంచి చూస్తే విపత్తు కూడా అనుకోవచ్చు. చట్టాన్ని ఇంత విశాలంగా అర్థం చేసుకున్న ప్రభుత్వాన్ని తప్పుపట్టలేం. పిల్లల్ని ప్రశ్నలడగాల్సిన సారు మధ్యాహ్నం పూట ఫారం పట్టుకుని వాళ్ల నాన్నల్ని 75 ప్రశ్నలడిగారు. భూమెంత, అప్పెంత, ఇంట్లో ఏమేం ఉన్నాయి? పిల్లలు అరుగు మీద కూర్చుని నాన్న నీళ్లు నమలడం చూశారు. వైవా అంటే ఏమిటో అలా తెలిసింది.

నవంబరు 14న బాలల దినోత్సవం పేరిట చాలా బడుల్లో స్వపరిపాలన దినోత్సవం జరుపుతారు. పిల్లలే చీరలు, పంచెలు కట్టి టీచర్లు, హెడ్మాస్టర్లు అవుతారు. మామూలుగా అది ఒక్క రోజు ముచ్చట. ఆ ఏడు సర్వే అయ్యేదాకా, మధ్యాహ్నం తర్వాత ఎవరి పరిపాలన వాళ్లదే.

సర్వే వద్దని ఎవరూ అనరు, ఎవరెంతమందో తెలియాల్సిందే. 1.12 కోట్ల కుటుంబాల, 3.54 కోట్ల జనం లెక్క 2025 ఫిబ్రవరిలో బయటికొచ్చింది. మూడో తరగతిలో ఎన్ని పాఠాలు ఎగిరిపోయాయనే ప్రశ్న మాత్రం ఆ 75లో లేదు. డీఎస్సీ కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూస్తున్న నిరుద్యోగులకు కాస్త రోజుకూలీ ఇచ్చినా ఆ ఫారాలు నిండేవి.

జనగణనలో జనాన్ని లెక్కించే విడత 2027 ఫిబ్రవరిలో ఉంది. అది 27వ సెక్షన్ ఒప్పుకున్న పనే. ప్రైమరీ పిల్లల తల్లిదండ్రులు ఆ నెల టైంటేబుల్ హెడ్మాస్టరుగారి చేత ముందే రాయించుకుని దగ్గర పెట్టుకోవడం మంచిది.