మెమరీ ఎర్రర్ వస్తే వెంటనే బాగుచేయకండి

లైనక్స్ మొదటిసారి ఎక్కించేవాళ్లను మంచి కంప్యూటర్‌తో మొదలుపెట్టమని అందరూ చెబుతారు. నేను మాత్రం ఇంట్లో ఉన్నవాటిలోకెల్లా మొండిదాన్ని ఎంచుకోమంటాను. 2 జీబీ ర్యామ్ ఉంటే మంచిది, మధ్యమధ్యలో తనంతట తానే రీస్టార్ట్ అయ్యే జబ్బు కూడా ఉంటే మరీ మంచిది. ఇరవై నిమిషాల్లో సాఫీగా ఎక్కిపోయిన లైనక్స్ మీకు కొత్త వాల్‌పేపర్ చూపిస్తుంది, అంతే. ఒక్క షరతు. ఆ మెషీన్‌లో పెళ్లి ఫోటోలు, ఇంటి లెక్కలు, పిల్లల ప్రాజెక్టులు ఏవీ ఉండకూడదు. చెడిన ర్యామ్, డిస్క్ మీదికి వెళ్లే డేటాను కూడా చెప్పాపెట్టకుండా పాడుచేస్తుంది.

మా అక్క కొడుకు పాత ల్యాప్‌టాప్ తెచ్చుకుని మా ఇంట్లోనే లైనక్స్ ఎక్కించడానికి కూర్చున్నాడు. ఇన్‌స్టాలర్ సగంలో ఆగిపోయింది. "మావయ్యా, పెన్‌డ్రైవ్ మార్చి చూస్తా" అన్నాడు. వద్దన్నాను. "పోనీ వేరే డిస్ట్రో?" అదీ వద్దన్నాను. అదే పెన్‌డ్రైవ్, అదే ఐఎస్ఓ, అవే బటన్లు, మూడుసార్లు. ప్రతిసారీ ఎక్కడ ఆగిందో, తెర మీద చివరి వాక్యం ఏమిటో కాగితం మీద రాయమన్నాను. ఫోన్‌లో ఫోటో తీయనివ్వలేదు. ఫోటో తీసినవాడు ఆ వాక్యం చదవడు.

ఎర్రర్ రాగానే ఏదో ఒకటి మార్చెయ్యడం అందరికీ అలవాటు. నేను మార్చొద్దంటాను, ఎందుకంటే మూడుసార్లూ ఒకేచోట ఆగితే అనుమానం ఐఎస్ఓ మీదికో, పెన్‌డ్రైవ్ మీదికో, ప్రోగ్రామ్‌లోని తప్పు మీదికో పోతుంది. ఒకసారి ఫైళ్లు కాపీ అవుతుండగా, ఇంకోసారి బూట్‌లోడర్ గ్రబ్ పెడుతుండగా, మరోసారి డెస్క్‌టాప్ కూడా రాకముందే పడిపోతే అనుమానం ర్యామ్ మీదికి వస్తుంది. 1990లలో లైనక్స్ వాడేవాళ్లు కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవారు. 'సిగ్నల్ 11' అంటూ కంపైలర్ ప్రతిసారీ ఒక్కో ఫైలు దగ్గర కూలిపోతే తప్పు కోడ్‌లో కాదు, మెమరీలో ఉందని వాళ్లు పట్టుకునేది ఇలాగే. మొదటిసారికే పెన్‌డ్రైవ్ మార్చేస్తే ఈ తేడా మీ కంట పడదు.

అందుకే ర్యామ్ ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో బంగారు రంగు పళ్లు రుద్ది మళ్లీ పెట్టే పని కూడా మొదట చేయకండి. మన దగ్గర కంప్యూటర్ ముట్టుకున్న ప్రతివాడికీ ఈ చిట్కా తెలుసు, చాలాసార్లు పనిచేస్తుంది కూడా. పనిచేస్తుంది గనుకే ఆఖరికి వాయిదా వేయమంటున్నాను. రుద్దాక బాగైతే, జబ్బు స్లాట్ పట్టులోనా, ర్యామ్ ముక్కలోనా అన్నది ఇక ఎప్పటికీ తేలదు.

ఐఎస్ఓ షా256 చెక్‌సమ్‌ను సరిచూడటానికి మాత్రం ఒప్పుకుంటాను. అదీ బాగున్న మెషీన్‌లో కాదు, అనుమానం ఉన్నదాంట్లోనే, రెండు మూడుసార్లు. ఒకే ఫైలుకు రెండుసార్లు రెండు వేర్వేరు చెక్‌సమ్‌లు వచ్చాయంటే ఆ ఫైలు ఏ పాపం ఎరగదు. చదివే దారిలో, డిస్క్ నుంచి ర్యామ్ దాకా ఎక్కడో ఒకచోట అక్షరాలు మారిపోతున్నాయి. మావాడికి రెండోసారి చెక్‌సమ్ తేడా వచ్చినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

ఇక కాగితం మీద రాసిన వాక్యానికి వద్దాం. మెమరీ అన్న మాట కనిపించగానే ర్యామ్ చాలలేదని తేల్చేయకండి. గ్రబ్ మెనూలో ఎంటర్ కొట్టగానే నల్లతెర మీద 'అవుట్ ఆఫ్ మెమరీ' వస్తే, కెర్నెల్ ఇంకా మొదలే కాలేదన్నమాట. ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌కు వదిలిన చోటులో, కెర్నెల్‌తోపాటు ఎక్కించే ఇనిట్‌ఆర్‌డీ ఫైలు పట్టకపోయినా అది వస్తుంది. 16 జీబీ ఉన్న మెషీన్‌లో కూడా రావచ్చు. అక్కడ బయోస్ అప్‌డేటో, వేరే వెర్షన్ ఐఎస్ఓనో చూడాలి గానీ ర్యామ్ కొంటే లాభం లేదు. 'అవుట్ ఆఫ్ మెమరీ: కిల్డ్ ప్రాసెస్' అని ఉంటే కెర్నెలే చోటు కోసం ఒక ప్రోగ్రామ్‌ను చంపిందని అర్థం. ఎక్కువ మెమరీ తింటున్నదే సాధారణంగా బలవుతుంది, ఆ సమయంలో అది ఇన్‌స్టాలరే కావచ్చు. పైకి కనిపించేది విండో మాయమవడం ఒక్కటే. 'స్క్వాష్‌ఎఫ్‌ఎస్ ఎర్రర్' అయితే మూటగట్టిన ఫైళ్లను విప్పలేకపోయిందని. పెన్‌డ్రైవ్, ఐఎస్ఓ, ర్యామ్ మూడూ ముద్దాయిలే.

నిజంగానే ర్యామ్ చాలని పక్షంలో కూడా కొత్తది కొనడానికి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు బయల్దేరకండి. లైవ్ సెషన్‌లో మీరు చేసే మార్పులన్నీ ర్యామ్‌లోనే రాసుకుంటాయి, 2 జీబీ అక్కడే కరిగిపోతుంది. ఇన్‌స్టాలర్ తెరవకముందే డిస్క్ మీద చిన్న స్వాప్ పార్టిషన్ చేసి, టెర్మినల్‌లో ఎమ్‌కేస్వాప్, స్వాప్‌ఆన్ నడపండి. నెమ్మదిగా నడుస్తుంది, కానీ నడుస్తుంది. లైనక్స్‌లో ఈ సౌకర్యం పుట్టిందే మీలాంటి ఒకరి ఇబ్బందిలోంచి. 1991లో లైనక్స్ రాసిన లైనస్ టోర్వాల్డ్స్ దగ్గరున్నది 4 ఎంబీ ర్యామ్ ఉన్న 386 కంప్యూటర్. జర్మనీ నుంచి ఒకాయన తన దగ్గర 2 ఎంబీయే ఉందని, కెర్నెల్ కంపైల్ కావడం లేదని రాస్తే, ఆ క్రిస్మస్ రోజుల్లో కూర్చుని మెమరీలోని పేజీలను డిస్క్ మీదికి పంపే పద్ధతి రాశాడు. ఆ పెద్దమనిషి బజారుకెళ్లి ఇంకో 2 ఎంబీ కొనుక్కుని ఉంటే? నేను తరచూ ఆలోచించే ప్రశ్న ఇది.

అనుమానం ర్యామ్ మీదే నిలిస్తే, దాన్ని పరీక్షించే మెమ్‌టెస్ట్86+ పెట్టండి. యూఈఎఫ్‌ఐ మెషీన్ అయితే 2022లో వచ్చిన 6వ వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ కావాలి, సెక్యూర్ బూట్ ఆపాల్సి రావచ్చు. ఒక పాస్ శుభ్రంగా అయిందని ఆపకండి, రాత్రంతా నడవనివ్వండి. కొన్ని తప్పులు ర్యామ్ వేడెక్కాక గానీ బయటపడవు. తప్పు చూపే ఎర్ర గీత పడ్డాక ర్యామ్ ముక్కలను ఒక్కొక్కటిగా పెట్టి చూడండి, అదే ముక్కను రెండో స్లాట్‌లోనూ చూడండి. తప్పు ముక్కతోపాటు వెళితే ముక్కది, స్లాట్‌లోనే ఉండిపోతే బోర్డుది. డెస్క్‌టాప్‌లో ర్యామ్ వేగం పెంచే ఎక్స్‌ఎంపీ పెట్టి ఉంటే దాన్ని తీసేసి మళ్లీ పరీక్షించండి, మామూలు వేగంలో నిక్షేపంగా పనిచేసే ముక్కలు చాలా ఉంటాయి.

ఇంత దూరం వచ్చాక చెడిన ముక్కను పారేయమంటారు. నేను పారేయనివ్వను. తప్పులన్నీ ఒకే చిన్న పేటలో ఉంటే, ఆ పేటలోకి వెళ్లొద్దని కెర్నెల్‌కు చెప్పవచ్చు. గ్రబ్‌లో బూట్ లైన్ చివర 'మెమ్‌మ్యాప్' అని రాసి, ఎంత మేర, ఏ అడ్రస్ నుంచి అన్నది ఇస్తే చాలు. మధ్యలో డాలర్ గుర్తు వస్తుంది. గ్రబ్ సెట్టింగ్‌ల ఫైలులో రాసేటప్పుడు దాని ముందు బ్యాక్‌స్లాష్‌లు పెట్టకపోతే గ్రబ్ దాన్ని మింగేస్తుంది, మీరు చెప్పింది కెర్నెల్ దాకా చేరదు. తప్పులు ర్యామ్ అంతటా చల్లినట్టు ఉంటే మాత్రం ఈ మందు పనిచేయదు, ముక్క మార్చాల్సిందే.

మావాడి ల్యాప్‌టాప్‌లో తప్పులన్నీ పక్కపక్కనే దొరికాయి. మెమ్‌టెస్ట్ చూపిన అడ్రస్‌లను వాడే చేత్తో రాసుకుని, వాటి చుట్టూ 64 కేబీ మూసేశాడు. నాలుగో రాత్రి ఇన్‌స్టాలర్ చివరిదాకా వెళ్లింది. పొద్దున్నే ఐఎస్ఓ చెక్‌సమ్‌ను మళ్లీ మూడుసార్లు తీసి, మూడూ ఒకటేనని కాగితం కింద రాసి, తేదీ వేసి, మడిచి బ్యాటరీ పక్కన పెట్టి మూత బిగించాడు.