వాట్ల బాబాయి

వాట్ల బాబాయి మీ ఇంటికొస్తే ముందు కుర్చీలో కూర్చోడు. తిన్నగా మీ సౌండ్ సిస్టమ్ దగ్గరికెళ్లి, దాన్ని రెండు చేతులా పైకెత్తుతాడు. పాట వినడు, బరువు చూస్తాడు. అది సులువుగా లేచిందంటే మీ మీద గౌరవం పోయినట్టే. "లోపల ట్రాన్స్‌ఫార్మరే లేదురా, అంతా గాలి" అని తేల్చేసి, అప్పుడు కాఫీ అడుగుతాడు.

ఇలాంటివాడు కాలనీకొకడు తప్పనిసరి. రిటైరైన ఫిజిక్సు లెక్చరరో, బ్యాంకు క్యాషియరో అయ్యుంటాడు. షాపులో తయారుగా ఉన్న యాంప్లిఫైయర్ కొనుక్కునేవాళ్లంటే ఆయనకు జాలి. కిట్టు తెచ్చుకుని మనమే కట్టుకోవాలి. బోర్డు ఒక చోట, ట్రాన్స్‌ఫార్మర్ ఇంకో చోట, హీట్ సింకు మరో చోట, అన్నీ ఏరి తేవాలి. ఆ ఏరడంలోనే ఏళ్లు గడిచిపోతాయి. ఈలోగా ఇద్దరు కూతుళ్లకు పెళ్లిళ్లయ్యాయి. అల్లుళ్ల గురించి ఇందులో సగం వాకబు కూడా చేయలేదని పిన్ని ఇప్పటికీ దెప్పుతుంది.

పోనీ ఆయనకు లెక్కలు రావా అంటే, అలా అనడానికి లేదు. తొంభైల్లో టేప్‌రికార్డర్ల అట్టపెట్టెల మీద "1000 వాట్స్ పీఎంపీఓ" అని అచ్చేసి అమ్మిన రోజుల్లోనే, తొమ్మిది వోల్టుల అడాప్టర్‌తో నడిచేదానికి వెయ్యి వాట్లు ఎక్కణ్నుంచి వస్తాయని వీధిలో అందరినీ నిలదీసినవాడు. 24-0-24 ట్రాన్స్‌ఫార్మర్ వేస్తే డయోడ్లు దాటాక అటు 34, ఇటు 34 వోల్టులని, దానితో 8 ఓమ్‌ల స్పీకర్‌కి ఎంత పిండినా 70 వాట్లు రావడమే గొప్పని నోటిలెక్కగా చెప్తాడు. వాట్లు రెట్టింపైనా చెవికి పెరిగేది మూడు డెసిబెల్సే. శబ్దం రెట్టింపనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. ఇదంతా ఎవరు అడిగినా, అడగకపోయినా చెప్తాడు.

అంత తెలిసిన మనిషిని కోఠీలో గుజరాతీ గల్లీలో చూడాలి. షాపతను 5200, 1943 ట్రాన్సిస్టర్లు రెండు జతలున్న బోర్డు తీసి గాజుబల్ల మీద పెట్టాడు. "ఒక్కోటీ 150 వాట్లు, నాలుగున్నాయి. మొత్తం 600 సార్." బాబాయి నవ్వాడు. "ఆ 150 అది తట్టుకునే వేడి లెక్క బాబూ. స్పీకర్‌కిచ్చేది కాదు." షాపతను ఒక్క క్షణం ఆలోచించి, "ఒరిజినల్ తోషిబా సార్" అన్నాడు. బాబాయి జేబులోంచి భూతద్దం తీసి అక్షరాలు చూశాడు, గోటితో గీకాడు, నకిలీలు ఎలా పట్టుకోవాలో పక్కనున్న కుర్రాడికి పాఠం చెప్పాడు. చెప్పి, ఆ 600 వాట్ల బోర్డే కొన్నాడు. "ఉండనీరా, హెడ్‌రూమ్ ఉంటుంది, అవసరానికి మించి మిగులు."

ఇంజినీరింగ్ చదివే మేనల్లుడు ఒకసారి క్లాస్-డి బోర్డు చూపించాడు, టీపీఏ 3255 చిప్పుది. అరచేతిలో పడుతుంది, కరెంటు పెద్దగా వృథా చేయదు. బాబాయి చేతిలో పెట్టుకుని ఎగరేసి చూశాడు. "బరువేదిరా?" తర్వాత డేటాషీట్ తెప్పించి, 315 వాట్లన్నది పది శాతం డిస్టార్షన్ దగ్గర లెక్క అని పట్టుకున్నాడు. "పదో వంతు నీళ్లు కలిపిన పాలు మీ అత్తయ్య పోయించుకుంటుందా?" ఒక్క శాతం దగ్గర కూడా 260 వస్తుందని ఆ కాగితంలోనే ఉంది. బాబాయి కళ్లజోడు అక్కడ ఆగలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ ఇంటికి తెచ్చిన వైనం కూడా చెప్పాలి. మెట్రో స్టేషన్ స్కానర్‌లో ఆయన సంచీ తెర మీద కనబడింది: గుండ్రటి రాగిచుట్ట, నాలుగు వైపులా వైర్లు. సెక్యూరిటీ అతను పక్కకి పిలిచాడు. బాబాయి భయపడలేదు, మురిసిపోయాడు. ఇలాంటి టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్‌లో అయస్కాంత లీకేజీ ఎందుకు తక్కువో మొదలుపెట్టి, వెనక క్యూ పెరుగుతున్నా వదల్లేదు. అంతా విని సెక్యూరిటీ అతను గొంతు తగ్గించి, "మా ఇంట్లో హోం థియేటర్ గుయ్యిమంటోంది సార్, అదేమిటంటారు?" అన్నాడు. ఆ రోజు బాబాయి ఎక్కాల్సిన రైలు ఎక్కలేదు.

కొత్త బోర్డుకి నేరుగా కరెంటివ్వకూడదు, మధ్యలో వంద వాట్ల బల్బు సిరీస్‌లో పెట్టాలి. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే క్షేమం. బాబాయి దండం పెట్టుకుని స్విచ్చేశాడు. హాలంతా వెలిగిపోయింది. ట్రాన్సిస్టర్ల కింద మైకా ముక్కలు వేయడం మరిచాడు, ప్లస్సూ మైనస్సూ హీట్ సింకులో కలుసుకున్నాయి. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో ఒంటి మీద రాసినన్ని వాట్లూ నిజాయితీగా ఇచ్చింది ఆ బల్బొక్కటే.

మొత్తానికి యాంప్లిఫైయర్ పలికింది. "శివ"లో ఇళయరాజా నేపథ్య సంగీతం మొదటి నిమిషంతో బేస్ పరీక్షించాడు. ఆ ఒక్క నిమిషం ఆయనకు కంఠతా వచ్చు, రెండో నిమిషంలో ఏముందో తెలియదు. వాల్యూమ్ మరని గడియారం ముల్లులా ఊహించుకుంటే, తొమ్మిది దగ్గరికి రాగానే వంటింట్లోంచి "ఏవండీ!" అని వినబడేది. అక్కడికి స్పీకర్‌కి అందుతున్నది మహా అయితే ఒకటి రెండు వాట్లు. మిగిలిన హెడ్‌రూమ్‌ని బాబాయి కళ్లు మూసుకుని అనుభవించేవాడు.

కథ అక్కడే ఆగేది. పండక్కి వచ్చిన పెద్దల్లుడు పిన్నికి గుప్పెడంత బ్లూటూత్ స్పీకర్ తెచ్చాడు. పొద్దున్నే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి సుప్రభాతం వంటింట్లో హాయిగా వినబడుతోంది. బాబాయికి నిద్ర పట్టలేదు. అంత చిన్నదాంట్లో ఏ ఐసీ వేశారో చూడాలి కదా! ఓ రాత్రి విప్పి చూశాడు. విప్పడం వచ్చింది.

తెల్లవారుజామున ఐదింటికి పిన్ని సుప్రభాతం కావాలంది. గత్యంతరం లేక బాబాయి పెద్దదానికి ఫోన్ తగిలించాడు. వంటింట్లోకి వినబడాలని హాలు కిటికీ వైపున్న స్పీకర్లను అటు తిప్పబోయి, వైరు చాలక అలాగే వదిలేశాడు. అయిదున్నరకల్లా కాలనీ ప్రెసిడెంటుగారు లుంగీ మీదే గుమ్మంలో ఉన్నారు.

"ఏమిటండీ ఇది, ఊరంతా లేచింది!"

బాబాయి ముఖం వెలిగిపోయింది. "ఇంకా తొమ్మిది దగ్గరే ఉందండీ! లోపలికి రండి, పదికి తిప్పి వినిపిస్తాను."