ఖటోదరీయం: ఒక ఫ్రీమేసన్ పద్యానికి టీకా తాత్పర్యం

ఫ్రీమేసన్ లాడ్జిలో ఎలా చేరాలో, చేరినవాడు ఏమవుతాడో చెప్పే ఆటవెలది ఇది. లోకంలో పద్యం ముందు పుడుతుంది, టీక వెనక వస్తుంది. ఇక్కడ టీక రాయాలన్న ఉబలాటం ముందు పుట్టింది కాబట్టి, దానికోసం పద్యాన్ని కట్టాల్సి వచ్చింది.

అడుగువానికొరకె యా తల్పు తెరతురు
ఇరువురన్న లచట నెరుక చెప్ప;
నల్లగుండు పడిన నడచి పొమ్మింటికి;
మెట్లు మూడు దాట మేస నగును.

అవతారిక: సూరత్‌లో ఉధనా దర్వాజా దాటి ఉధనా వైపు పోయే దారిలో ఖటోదరా వస్తుంది. జీఐడీసీ షెడ్లు, గుడ్డల బేళ్లు, సాంచాల మోత. తెలంగాణ నుంచి వలస వచ్చి ఇక్కడి మగ్గాల మీద బతుకు నిలబెట్టుకున్న పద్మశాలి కుటుంబాలు సూరత్‌లో తరాలుగా ఉన్నాయి. అలాంటి ఇంటి ఆసామి ఒకడు ‘లాడ్జిలో మెంబరునయ్యాను’ అంటే ఇల్లాలు అనుమానంగా చూడటం న్యాయమే. గదికి రోజు కిరాయి ఎంతని ఆమె అడగకముందే వ్యాఖ్యాత కలగజేసుకోవాలి. ఈ లాడ్జి ఒక సోదర సంఘం. 1717 జూన్ 24న లండన్‌లో నాలుగు లాడ్జీలు కలిసి గ్రాండ్ లాడ్జిగా ఏర్పడ్డాయి. రాతిపని మేస్త్రీల మూలమట్టం, వృత్తలేఖిని వీరి గుర్తులు. 1730 నాటికే ఈ సంఘం కలకత్తా చేరింది. 1961 నవంబరు 24న ఢిల్లీలో గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా ఏర్పడి, రాంపూర్ నవాబు దానికి తొలి గ్రాండ్ మాస్టర్ అయ్యాడు. దేశంలో దానికి నాలుగు ప్రాంతీయ శాఖలున్నాయి. గుజరాత్ పడమటి శాఖ కిందికి వస్తుంది.

ప్రతిపదార్థం: అడుగువానికొరకె = తనంత తాను కోరినవాడి కోసమే; ఆ తల్పు = ఆ లాడ్జి తలుపును; తెరతురు = తెరుస్తారు; అచటన్ = అక్కడ; ఇరువురు అన్నలు = ఇద్దరు పాత సభ్యులు; ఎరుక చెప్పన్ = వీడు మాకు తెలిసినవాడే అని పూచీ పడగా; నల్లగుండు పడినన్ = ఓటు పెట్టెలో నల్లని గుండు పడితే; ఇంటికి నడచి పొమ్ము = వచ్చిన దారినే వెళ్లు; మూడు మెట్లు దాటన్ = మూడు అంతస్తుల దీక్ష ముగియగా; మేసన్ అగును = మేసన్ అవుతాడు.

తాత్పర్యం: అడగనిదే పిలవరు. తెలిసినవాళ్లు చెప్పనిదే నమ్మరు. నచ్చకపోతే కారణం చెప్పరు. నచ్చితే మూడు విడతలుగా లోపలికి తీసుకుంటారు.

విశేషాలు. ‘తెరతురు’, ‘ఇరువురు’ అన్నచోట సంధి చేయకపోవడం దోషమే. పాదాంతం కాబట్టి ఓర్చుకోవాలి. కవి బీదవాడు.

‘అడుగువాని’ అన్న మాటలోనే సంఘం తత్త్వమంతా ఉంది. కుల సంఘంలో సభ్యత్వం పుట్టుకతోనే వస్తుంది. పద్మశాలిగా మార్కండేయుడి వంశంలో పుట్టినవాణ్ణి దరఖాస్తు ఎక్కడని ఎవరూ అడగరు. లాడ్జి ఇందుకు తలకిందులు. సభ్యులు కొత్తవాళ్లను బతిమాలి చేర్చడం అక్కడ మర్యాద కాదు. కోరిక అవతలి నోటి నుంచి రావాలి, అదీ లాభం కోసం కాదని అతను సంతకం పెట్టి మరీ చెప్పాలి. వయసు మామూలుగా ఇరవై ఒకటి నిండాలి. ఇరవయ్యేళ్ల రడ్యార్డ్ కిప్లింగ్‌ను 1886లో లాహోర్‌లో ప్రత్యేక అనుమతితో చేర్చుకున్నారు. అడిగినవాడికి దైవం మీద నమ్మకం ఉండాలి; ఏ దైవమన్నది అతని ఇష్టం. ఈ సంగతి తేలడానికే బెంగాల్‌లో ఏళ్లు పట్టింది. బహుదేవతలను కొలిచే హిందువుకు ఏకేశ్వర ప్రమాణం ఎలా కుదురుతుందని పెద్ద తగాదా నడిచాక, 1872లో గానీ ప్రసన్నకుమార్ దత్‌కు కలకత్తాలో దీక్ష దక్కలేదు. ఆ తరవాత తోవ సుగమమైంది. 1884లో నరేంద్రనాథ్ దత్ అనే కుర్రవాడు అదే ఊళ్లో చేరాడు. తర్వాత లోకం అతన్ని వివేకానందుడంది. ఈనాటి భారతీయ లాడ్జీల్లో గీత, ఖురాన్, బైబిలు వంటివి ఒకే పీఠం మీద పక్కపక్కన ఉంటాయి. ఎవరి గ్రంథం మీద వాళ్లు ప్రమాణం చేస్తారు.

శంక: ‘వాని’ అని పుంలింగం ఉంది, స్త్రీల మాటేమిటి? సమాధానం: అది పొరపాటున పడిన లింగం కాదు. గ్రాండ్ లాడ్జి ఆఫ్ ఇండియా కింది లాడ్జీల్లో పురుషులకే ప్రవేశం. ఇద్దరినీ చేర్చుకునే వేరే శాఖ 1893లో పారిస్‌లో పుట్టింది. అనీ బిసెంట్ 1902లో అందులోనే చేరింది. ఈ పద్యం మొదటి రకానికి చెందింది. ఇంట్లో ఎవరైనా ఎదురడిగితే ఆసామి సొంతంగా సమాధానం వెతుక్కోవాలి.

‘ఆ తల్పు’: సమావేశం నడుస్తున్నంతసేపూ ఈ తలుపు బయట టైలర్ అనే ఉద్యోగి కాపలా ఉంటాడు. సూరత్‌లో ఈ పేరు వినగానే కొలతల టేపు గుర్తొస్తుంది గానీ, ఇతని చేతిలో ఉండేది దూసిన కత్తి. లోపల మాస్టర్ తూర్పున, ఇద్దరు వార్డెన్లు పడమర, దక్షిణాన కూర్చుంటారు. ఉత్తరాన ప్రధాన అధికారి ఉండడు.

‘ఇరువురన్నలు’: కరీంనగర్ వైపు మూలాలున్నవాళ్లు ఈ మాట విని ఉలిక్కిపడనక్కర్లేదు, వీళ్లు అడవిలో అన్నలు కారు. సభ్యులంతా ఒకరినొకరు బ్రదర్ అనుకుంటారు కాబట్టి కవి అలా అన్నాడు. ఒకడు ప్రతిపాదిస్తాడు, ఇంకొకడు బలపరుస్తాడు. తర్వాత కమిటీ పిలిచి మాట్లాడుతుంది: సంపాదన ఎంత, చందా కట్టగలడా, ఇంట్లో ఒప్పుకున్నారా, ఎందుకు చేరాలనుకుంటున్నాడు. ఇంటికొచ్చి చూసిపోయే అలవాటూ కొన్నిచోట్ల ఉంది. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలు వేయరు.

‘నల్లగుండు’: పేరు సభలో చదివాక ఓటు రహస్యంగా జరుగుతుంది. పెట్టెలో చెయ్యి పెట్టి తెల్లగుండో నల్లగుండో వదలాలి. కవి ఒక్కటే అన్నాడే, నిజంగా ఎన్ని పడాలి? ఇంగ్లండ్ నిబంధనల్లో మూడు పడితే ఇక ప్రవేశం లేదు. అంతకంటే తక్కువకే కాదనే అధికారం లాడ్జి తన సొంత నియమావళిలో పెట్టుకోవచ్చు. కాబట్టి పద్యంలోది జాత్యేకవచనమని సమర్థించుకోవాలి. వేసినవాడెవడో, ఎందుకు వేశాడో ఎవరూ అడగకూడదు. పద్ధతి నిర్దయగానే ఉంది. దశాబ్దాలపాటు ఈ పెట్టె చాటున వర్ణభేదం కూడా హాయిగా దాక్కుంది. పార్సీ పెద్ద మానక్‌జీ కర్సెట్‌జీని బొంబాయి లాడ్జి కాదంటే, పారిస్‌లో దీక్ష దొరికింది. భారతీయులను చేర్చుకోవడానికే జేమ్స్ బర్న్స్ అనే మేసన్ 1843లో బొంబాయిలో రైజింగ్ స్టార్ ఆఫ్ వెస్టర్న్ ఇండియా లాడ్జిని పెట్టాడు. ఖటోదరా ఆసామికి ఇవాళ తలుపు తట్టే వీలుందంటే దానికి మొదలు అక్కడుంది.

‘మెట్లు మూడు’: ఎంటర్డ్ అప్రెంటిస్, ఫెలోక్రాఫ్ట్, మాస్టర్ మేసన్. మొదటి మెట్టు కొంచెం ఆగి చూడదగ్గది. అభ్యర్థి కళ్లకు గంత కడతారు, మెడలో తాడు వేస్తారు, ఒక కాలి పంట్లాం మోకాలిదాకా మడుస్తారు. ఒంటిమీద లోహం ఉండకూడదు: నాణెం, ఉంగరం, గడియారం అన్నీ తీసి ఇచ్చేయాలి. వెండి మొలతాడున్నవాడు ముందే చెప్పుకోవడం మేలు. ప్రమాణం అయ్యాక గంత విప్పుతారు. ఆ తరవాత కొత్తవాణ్ణి ఈశాన్య మూలలో నిలబెట్టి, ధర్మకార్యానికి ఏదైనా ఇమ్మంటారు. వాస్తు తెలిసిన తెలుగువాడికి ఆ మూల ఎంచుకున్నందుకు సంతోషమేస్తుంది. అక్కడి కారణం కట్టడానికి తొలి రాయి ఆ మూలనే వేస్తారని. అతను జేబు తడుముకుంటే ఏమీ ఉండదు, ముందే తీసేసుకున్నారు. చేతిలో చిల్లిగవ్వ లేక పదిమందిలో నిలబడ్డ ఆ క్షణాన్ని, రేపు ఎవరైనా సాయమడిగినప్పుడు తలుచుకొమ్మంటారు. మొత్తం తంతులో వ్యాఖ్యాతకు నచ్చిన ఘట్టం ఇదొక్కటే.

అప్రెంటిస్‌కు తెల్ల గొర్రెపిల్ల తోలు ఏప్రన్ కడతారు. రెండో మెట్టుకు దానిమీద రెండు నీలి పువ్వులు, మూడో మెట్టుకు లేత నీలం అంచు వస్తాయి. గుడ్డల ఊరివాడు అంచును చూడగానే హోదా పోల్చేస్తాడు. మెట్టు మెట్టుకీ మధ్య ప్రశ్నోత్తరాలు కంఠస్థం చేసి సభలో అప్పజెప్పాలి. రహస్యం దాచడం కంటే ఈ బట్టీ కష్టమని చెప్పాలి. మూడో మెట్టులో సొలొమోను ఆలయం కట్టిన హైరమ్ అబిఫ్ కథ నడుస్తుంది. రహస్యం చెప్పనన్నందుకు ముగ్గురు దుండగులు అతన్ని చంపుతారు. చచ్చేవాడి పాత్ర అభ్యర్థిదే.

దాచేది ప్రధానంగా ఒకరినొకరు గుర్తుపట్టే సైగలు, చేతి పట్లు, మాటలు. భవనం చిరునామా, సభ్యుడినన్న సంగతి రహస్యాలు కావు. అయినా మూసిన తలుపు జనాన్ని ఊరికే ఉండనివ్వదు. ఉత్తరాదిన ఈ భవనాలను జాదూఘర్, అంటే మాయల ఇల్లు, అన్నారు. కిప్లింగ్ ‘కిమ్’ నవలలోనూ ఆ పేరుంది.

‘మేస నగును’: ఇక్కడ కవి తప్పటడుగు వేశాడు. మొదటి మెట్టు ఎక్కినవాడు కూడా మేసనే. మూడు దాటినవాడు మాస్టర్ మేసన్. మాస్టర్ గణాల్లో ఇమడక జారిపోయాడు. అయ్యాక చేయవలసింది ప్రవేశ రుసుము కాక ఏటేటా చందా, సమావేశాలకు హాజరు, ధర్మనిధికి విరాళం, సభ తర్వాత విందు. సభ్యులు పోయినా జబ్బుపడినా ఇంటివాళ్ల బాగోగులు చూడటానికి ఆల్మనర్ అనే అధికారి ఉంటాడు. లాడ్జిలో మతం, రాజకీయం మాట్లాడకూడదు. ఆ రెండూ తీసేస్తే తెలుగువాడికి మిగిలేవి సినిమా, సిఫారసు. సభ్యత్వాన్ని వ్యాపార లాభానికి వాడుకోవడం కూడా తప్పే కాబట్టి రెండోదీ పోయింది.

వదిలిపెట్టడం సులువు. రాజీనామా రాసి ఇవ్వొచ్చు. చందా ఎగవేస్తూ పోతే వాళ్లే పేరు కొట్టేస్తారు. ఊరు మారినవాడు బాకీ లేదన్న పత్రం తీసుకుని కొత్త ఊరి లాడ్జికి దరఖాస్తు పెట్టుకుంటాడు. ఖటోదరా విడిచి హైదరాబాద్ చేరినవాడు గోషామహల్ వెళ్లొచ్చు. తానీషా కట్టించిన బారాదరి అక్కడ నిజాం కాలం నుంచీ మేసన్ల చేతిలో ఉంది. దీక్ష మళ్లీ తీసుకోనక్కర్లేదు. ఓటు మాత్రం మళ్లీ జరుగుతుంది.