ప్లగ్గు కాకా

చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు ఎవరి బండి ఆగినా మెకానిక్ కంటే ముందు వచ్చేది ప్లగ్గు కాకానే. పిలవక్కర్లేదు. వరసగా నాలుగు కిక్కులు కొట్టిన చప్పుడు చెవిన పడితే చాలు, తాగే చాయ్ అక్కడే వదిలి లేస్తాడు. అసలు పేరు రేషన్ కార్డులో భద్రంగా ఉంది.

"ఏమైంది తమ్మీ? జర జరుగు, ప్లగ్గు చూద్దాం."

హారన్ మోగకపోయినా ప్లగ్గే, బ్రేకు పట్టకపోయినా ప్లగ్గే. బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్టు నీడ చూసుకుని, పాత పేపరు పరిచి, జేబులోంచి ప్లగ్గు పానా తీస్తాడు.

అలాగని ఏమీ తెలియని మనిషి కాదు. ప్లగ్గు మొనకు పొడి మసి పట్టిందంటే పెట్రోలు ఎక్కువై గాలి చాలట్లేదు, ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పండంటాడు. తెల్లగా మాడితే ఇంజన్ అతిగా వేడెక్కుతోంది. తడిగా ఉంటే చోకు లాగి లాగి పెట్రోల్లో ముంచేశారు. లేత గోధుమరంగులో ఉంటే మాత్రం కాస్త నిరాశపడతాడు, అది బాగున్నట్టు లెక్క. టమాటాలు, పూలు మార్కెట్‌కు మోసే బండ్లు పొలాల బాటల్లో దుమ్ము మింగుతాయి కాబట్టి, కంపెనీ పుస్తకంలో రాసిన గడువు దాకా ఆగకుండా ఫిల్టర్ దులపాలన్నది ఆయన మాట. విన్నవాళ్లు బాగుపడ్డారు.

చిక్కల్లా ఒకటే. "పెట్రోలుందా?" అని మాత్రం అడగడు. అడిగితే వైద్యం అక్కడితో ముగిసిపోతుంది కదా!

చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం 11 ప్రదక్షిణలు చేసి వస్తున్న ఓ కుర్రాడు ఆయనకు చిక్కాడు. ప్లగ్గు, సీటు, సైడ్ కవర్లు, ఫిల్టర్, కార్బురేటర్ గిన్నె అన్నీ పేపరు మీదికి చేరాక, పూలబుట్ట దించుకుని చూస్తున్న ఓ అక్క ట్యాంకు పట్టుకుని అటూ ఇటూ ఊపింది. చుక్క లేదు.

"అయినా ఈ ప్లగ్గు ఎక్వ దినాలు రాదు తమ్మీ," అన్నాడు కాకా, ఏమాత్రం తొణకకుండా. తర్వాత అన్నీ బిగించి, తన స్ప్లెండర్ ఎక్కి, కుర్రాడి బండి ఫుట్‌రెస్టు మీద కాలు ఆనించి బంకు దాకా తోసుకుపోయాడు. పైసా తీసుకోలేదు. చాయ్ కూడా తనే తాగించాడు. ఇలాంటి మనిషిని తిట్టడం ఎలా?

ఆ స్ప్లెండర్ సంగతి వేరు. చైను మధ్యలో పట్టి ఊపితే ఓ అంగుళం ఆడాలి, అంతకు మించితే బిగించాలని ఊరందరికీ పాఠం చెబుతాడు. ఆయన చైను మాత్రం కవర్‌కు టకటకా కొట్టుకుంటూ, ఆయన కంటే ముందే ఊళ్లోకి వస్తుంది.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధన వచ్చి ఆయన్ని నిజంగా దెబ్బకొట్టింది. కొత్త బండ్లలో కార్బురేటర్ పోయి ఇంజెక్షన్ వచ్చింది, చోకు కోసం తడిమిన చెయ్యి ఊరికే తిరిగొచ్చింది. ఓరోజు అన్న కొడుకు కొత్త బండి మీటర్‌లో పసుపు లైటు ఆరకపోతే సర్వీస్ సెంటర్‌కు తనూ వెంట వెళ్లాడు. మెకానిక్ స్కానర్ వైరు తగిలించి, తెర మీద పడ్డ కోడ్ చదువుతున్నాడు. కాకా కళ్లద్దాలు సర్దుకుని, వాడి భుజం మీది నుంచి తొంగిచూశాడు.

"ప్లగ్గు గురించి ఏమన్న రాసిందా?"