నా మీద వడ్డించినవన్నీ

నేను దస్తర్‌ఖాన్‌ని. నేల మీద పరిచి, చుట్టూ కూర్చుని అన్నం తినే గుడ్డని. పుట్టింది బందరు పక్కన పెడనలో, 1958లో. నూలుగుడ్డను కరక్కాయ రసంలో ముంచి, టేకు అచ్చులతో అద్ది, మంజిష్ఠ వేసిన నీళ్లలో ఉడకబెట్టి, కాలవలో ఉతికి గట్టు మీద ఆరేస్తే నాకీ ఎరుపు వచ్చింది. బందరు అద్దకానికి గోల్కొండ సుల్తానుల కాలం నుంచీ హైదరాబాదు దారి తెలుసు. పత్తర్‌గట్టి దుకాణంలో నన్ను కొని, సైకిలు వెనక కట్టుకుని పెద్దాయన బార్కస్‌కి తీసుకొచ్చాడు. అప్పటి నుంచీ నాది అదే ఇల్లు.

బార్కస్ అంటే చాంద్రాయణగుట్ట దాటాక వచ్చే బస్తీ. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బ్యారక్స్ అక్కడ ఉండేవి. ఆ మాటే జనం నోట నలిగి బార్కస్ అయింది. వాళ్లలో ఎక్కువమంది దక్షిణ యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్లు. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయింది, వాళ్ల కొలువూ పోయింది. కొందరు వెళ్లిపోయారు, కొందరు ఉండిపోయారు. మా పెద్దాయన ఉండిపోయిన సిపాయి కొడుకు. లుంగీ, భుజం మీద గళ్ల రుమాలు, ఇంటి వెనక నాలుగు జామచెట్లు, ఇదీ ఆయన ఆస్తి. బార్కస్ జామకాయకు హైదరాబాదంతా పేరుంది.

అరవై ఏళ్లకు పైగా నా మీద ఏం వడ్డించారో, ఎవరెంత తిన్నారో, తిన్నాక ఎలా లేచారో నాకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకే చెప్తున్నాను.

రోజూ నా మీదికి వచ్చేవి రొట్టె, ఖట్టీ దాల్, ఒక ఆకుకూర. పొద్దున్నే బాలాపూర్ వైపు నుంచి తట్ట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చేది. "పెద్దమ్మా, ఇయ్యాల చుక్కకూర లేతగుంది, పప్పుల ఏస్తే మస్తుగుంటది" అనేది. పెద్దాయన భార్య దాదీ రెండు కట్టలు తీసుకుని, మారుగా నాలుగు జామకాయలు కూడా ఆమె కొంగులో వేసేది. ఆ ఇంట్లో తెలుగు నా చెవిన పడింది ఆమె వల్లే. గోంగూరను దాదీ అంబాడా అనేది. పేర్లు రెండైనా పులుపు ఒకటే. మెంతికూర, తోటకూర, సొరకాయతో దాల్చా, వంకాయలు దొరికిన రోజు బఘారా బైంగన్.

ఆ బఘారా బైంగన్ గురించి కాస్త ఆగి చెప్పాలి. నువ్వులు, పల్లీలు, కొబ్బరి వేయించి, చింతపండుతో నూరి, ఆ ముద్దలో వంకాయలను పల్లీనూనెతో సన్నసెగ మీద మగ్గనిచ్చేది దాదీ. మూత తీస్తే నూనె పైకి తేలి ఉండేది. గ్రీసు పల్లెల్లో లాదెరా అని ఒక వంట ఉంది: కూరగాయలను ఆలివ్ నూనెలో మెల్లగా మగ్గించి రొట్టెతో తింటారు. ఆ రెండు గిన్నెల మధ్య సముద్రాలున్నాయి గాని పద్ధతి ఒకటే. కూరగాయలోని కొన్ని విటమిన్లు, రంగునిచ్చే పదార్థాలు నూనెలోనే కరుగుతాయి, నూనె తోడుంటేనే ఒంటికి పడతాయి. ఆలివ్ నూనెలో ఎక్కువ భాగం ఒలీక్ ఆమ్లం. వేరుశెనగ నూనెలోనూ దాదాపు సగం అదే.

మాంసం నా మీదికి వచ్చేది శుక్రవారం. ఎక్కువగా హరీస్‌గానే. పొట్టు తీసిన గోధుమలను రాత్రంతా నానబెట్టి, మాంసంతో కలిపి దేగ్‌లో కట్టెల మంట మీద గంటల తరబడి ఉడికించి, ఘోట్నీతో మెదిపేవారు. దేగ్‌లో గోధుమే ఎక్కువ, మాంసం రుచికి. కొందరు కారంగా తినేవారు, కొందరు పైన చక్కెర, నెయ్యి వేసుకుని తీపిగా తినేవారు. తర్వాత ఖర్జూరం, శొంఠి వేసిన గహ్వా.

గ్రీసు మాట ఎత్తాను గాని, గ్రీసులా యెమెన్ మధ్యధరా సముద్రం ఒడ్డున లేదు. దాని పక్కనున్నవి ఎర్రసముద్రం, అరేబియా సముద్రం. కానీ గోధుమ, మసూరు, ఖర్జూరం, అంజీర్, బాదం, ఒకే తబక్, అంటే పెద్ద పళ్లెం, చుట్టూ కూర్చోవడం ఆ నేలలన్నిటికీ ఉమ్మడి. ఆ ఉమ్మడి సొత్తులో కొంత సిపాయిల మూటల్లో బార్కస్ చేరింది. మా వడ్డనలో మిగిలిన భాగం బాలాపూర్ తట్టలో వచ్చింది.

1985లో పెద్దాయన కొడుకు జెడ్డా వెళ్లాడు. బార్కస్‌లో గల్ఫ్‌కు మనిషిని పంపని ఇల్లు తక్కువ. డబ్బు వచ్చింది, ఇల్లు లేచింది, డైనింగ్ టేబుల్ వచ్చింది. నన్ను మడిచి సందూకులో పెట్టి, రంజాన్‌కు, పెళ్లిళ్లకు మాత్రం తీసేవారు. తీసిన ప్రతిసారీ నా మీద వడ్డన మారిపోయి కనిపించేది. పల్లీనూనె పోయి డాల్డా వచ్చింది. గోధుమ రొట్టె పోయి మైదా రుమాలీ రొట్టె వచ్చింది. జామకాయలున్న చోట కూల్‌డ్రింకు సీసాలు నిలబడ్డాయి. డాల్డాలాంటి వనస్పతిలో ఉండే ట్రాన్స్ కొవ్వు చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి, మంచిదాన్ని తగ్గిస్తుంది. నూనెలు, కొవ్వుల్లో అది 2 శాతం మించరాదని మన దేశంలో నియమం అమలైంది 2022లో. ఆలోగా ఎన్ని లక్షల పళ్లేల్లోంచి అది నోళ్లలోకి వెళ్లిందో తలుచుకుంటే నా అంచులు ముడుచుకుంటాయి.

ఆ తర్వాత మందీ వచ్చింది. మందీ చెడ్డదని నేను అనను. హద్రమౌత్ వంట అది, మా పెద్దాయన పూర్వీకుల వంట. మసాలా తక్కువ, పొగవాసన ఎక్కువ, పెద్ద తబక్‌లో అన్నం మీద మాంసం. అక్కడ అది పండగకు, పెళ్లికి, అతిథి వచ్చినప్పుడు వండేది. ఇక్కడ రోడ్డు పొడుగునా హోటళ్లయి, అర్ధరాత్రి పూట కూడా దొరికే తిండి అయింది. ఏడాదికి నాలుగు రోజుల విందు వారానికి నాలుగు రాత్రుల అలవాటైతే ఒళ్లు ఊరుకోదు.

2014లో, జెడ్డా నుంచి తిరిగొచ్చేసిన కొడుకుకు గుండెపోటు వచ్చింది. వయసు 52. స్టెంటు వేశారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేటప్పుడు డాక్టరు మధ్యధరా తిండి తినమన్నాడట. మర్నాడే ఆలివ్ నూనె డబ్బా కొనుక్కొచ్చారు. దాన్ని చూసి దాదీ, "జైతూన్ తేల్ కదా! పసిపిల్లల ఒంటికి రాసేది!" అంది. ఆవిడకు తెలిసిన జైతూన్ నూనె మందుల దుకాణంలో చిన్న సీసాలో అమ్మేదే. ఆ డబ్బా నూనెతో ఆ పూట సమోసాలు వేయించారు. ఆ పూట నేను గుడ్డనైనందుకు, నోరు లేనందుకు ఏడ్చాను.

మనవరాలు అప్పుడు హోంసైన్స్ చదువుతోంది. రాత్రి నన్ను తీసి నేల మీద పరిచి, పుస్తకాలు నా మీద పెట్టుకుని దాదీకి చదివి చెప్పేది. దాదీ చెవి కొంచెం మందం, అందుకని గట్టిగా చదివేది. నేను నేర్చుకున్నదంతా అలా విన్నదే.

ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రవేత్త ఏడు దేశాల్లో 40 నుంచి 59 ఏళ్ల మగవాళ్లను, 12,763 మందిని, ఏళ్ల తరబడి గమనించాడు. మొదలుపెట్టింది 1958లో, నేను పుట్టిన ఏడు. గ్రీసులోని క్రీట్ దీవి మగవాళ్లు నూనె బాగానే తినేవారు, అయినా గుండెజబ్బుతో చనిపోయేవాళ్లు వాళ్లలో చాలా తక్కువ. వాళ్లు తిన్నది రొట్టె, పప్పులు, ఆకుకూరలు, పళ్లు. మాంసం అరుదు. కష్టపడి పనిచేసేవారు. అది విని దాదీ, "ఇది మా అబ్బా తిన్న తిండే కదా బేటీ" అంది.

అదే 1958లో కూనూరులోని పోషకాహార పరిశోధనశాల హైదరాబాదుకు తరలివచ్చిందని కూడా మనవరాలు చెప్పింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే.

స్పెయిన్‌లో 7,447 మందితో జరిగిన పరిశీలన 2013లో వెలువడింది. గుండెజబ్బు ముప్పున్నవాళ్లను మూడు గుంపులు చేశారు. రెండు గుంపులను మధ్యధరా తిండి తినమని, వాటిలో ఒకదానికి ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనె, ఇంకోదానికి రోజుకు 30 గ్రాముల అక్రోటు, బాదం, హేజెల్‌నట్ గింజలు ఇచ్చారు. మూడో గుంపుకు కొవ్వు తగ్గించమన్నారు. మొదటి రెండు గుంపుల్లో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు చావులు, అన్నీ కలిపి దాదాపు 30 శాతం తక్కువ. మనుషులను గుంపులకు కేటాయించిన తీరులో లోపాలు బయటపడి ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు, మళ్లీ లెక్కగట్టి 2018లో వేశారు. ఫలితం ఇంచుమించు అదే. తప్పు ఒప్పుకుని తిరిగి లెక్కించిన మాట కాబట్టి నాకు దాని మీద మరింత నమ్మకం.

మధ్యధరా తిండిలో ద్రాక్షసారాయికీ చోటుంది. మా ఇంట్లో దానికి చోటు లేదు, లేకపోవడం నష్టమూ కాదు. మద్యంలో నిరపాయమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టంగా చెప్పింది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. మనవరాలు కాగితం మీద రెండు వరసలు గీసింది. ఒకవైపు మధ్యధరావాళ్లవి, ఒకవైపు మనవి. అక్రోటు, బాదం ఎదురుగా పల్లీలు, నువ్వులు. వాళ్ల పప్పుల ఎదురుగా మసూరు, కంది. వాళ్ల అడవి ఆకుల ఎదురుగా చుక్కకూర, అంబాడా. నారింజ ఎదురుగా జామ. విటమిన్ సి నారింజలో కంటే జామలోనే మూడు నాలుగు రెట్లు ఎక్కువ. పప్పులోని పీచు, అన్నం అరిగి వచ్చే చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. 2023లో వెలువడిన లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటే. కొడుకూ అందులో ఒకడు. అందుకే ఆయనకు ఖర్జూరం ఇఫ్తారుకు ఒకటే. ఉప్పు భయంతో పచ్చడి వేలి కొసన. ఏ మంచి తిండికైనా కొలత ఉండాలని మనవరాలు ఖండితంగా చెప్పింది.

నా వంతు మాట ఒకటుంది. 2010లో యునెస్కో మధ్యధరా తిండిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు వంటకాలను మాత్రమే లెక్కలోకి తీసుకోలేదు. పండించడం, వండడం, కలిసి కూర్చుని తినడం, అన్నీ కలిపి చేర్చింది. పెద్దాయన అందరూ వచ్చేదాకా తబక్ మీద చెయ్యి వేసేవాడు కాదు. ఎవరి ముందున్నది వాళ్లే తినాలి, నడిమధ్యకు చెయ్యి పోకూడదు. కడుపులో మూడోవంతు తిండికి, మూడోవంతు నీళ్లకు, మూడోవంతు ఊపిరికి అనేవాడు. కడుపు నిండిన కబురు మెదడుకు అందడానికి ఇరవై నిమిషాలు పడుతుందంటారు. కబుర్లతో తింటే ఆ ఇరవై నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. టేబుల్ దగ్గర ఫోన్ చూస్తూ ఒక్కడే తినే కొడుకు తొమ్మిది నిమిషాల్లో లేచిపోయేవాడు. ఆయన ఎదురుగా గోడ గడియారం ఉండేది, సందూకు మూత తెరిచి ఉన్న రోజుల్లో నేను లెక్కపెట్టాను.

పెద్దాయన ఎనభై దాటాక నిద్రలో పోయాడు. ఒక్క మనిషి ఆయుష్షుతో ఏదీ రుజువు కాదు. ఆయన రోజూ బార్కస్ నుంచి చార్మినార్ దాకా సైకిలు తొక్కేవాడని కూడా చెప్పాలి.

ఇప్పుడు దాదీకి 85 దాటింది. మనవరాలి పట్టుదలతో రోజూ రాత్రి నన్ను పరుస్తున్నారు. మందీ నెలకు ఒకసారి, అందరూ కలిసి. ఆలివ్ నూనెను వేపుళ్లకు వాడటం మానేసి, కీరా, టమాటా, ఉల్లి ముక్కల మీద నిమ్మరసంతో పాటు చల్లుతున్నారు. డబ్బా అయిపోతే మళ్లీ కొనాలన్న తొందర లేదు, గానుగ పల్లీనూనె ఉంది. కొడుకు గుండెకు మందులు వేసుకుంటూనే ఉన్నాడు. తిండి మందుకు తోడు, మందుకు బదులు కాదు.

షాహీన్‌నగర్‌లోనో, యాకుత్‌పురాలోనో, శాలిబండలోనో మీ సందూకు అడుగున నాలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. ఈ శుక్రవారం దాన్ని తీసి దులపండి. పప్పులో చుక్కకూర వేయండి, పల్లీలు వేయించండి, జామకాయలు కోయండి. మగ్‌రిబ్ నమాజు అయ్యాక నేల మీద పరిచి, ఇంట్లో ఆఖరి మనిషి వచ్చి కూర్చునేదాకా ఆగండి.