రెండెనుముల ఖరీదు

నాకు యెజ్డీ అమ్మినాయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. "ఇంజన్ ఇంతవరకు ఎవురూ ఇప్పలేదు" అన్నాడు. నిజమే. పిస్టన్ తుప్పు పట్టి సిలిండర్‌కు అతుక్కుపోయింది, ఇప్పుదామన్నా రాదు. "వానకు తడవని బండి" అన్నాడు. అదీ నిజమే. పుత్తూరు పక్కన పశువుల కొట్టంలో ఉంది, పైకప్పు గట్టిది. బండి కింద ఉన్న తడికీ వానకూ సంబంధం లేదు. "పెట్రోలు తాగదు" అన్నాడు. చాలా ఏళ్ళుగా చుక్క ముట్టినట్టు లేదు. సీటు మీద ఒక కోడి పొదుగుతోంది, మమ్మల్ని చూసి లేవలేదు. బండితో పాటు కోడి కూడా వస్తుందా అని అడిగాను. కోడికి వేరే రేటు చెప్పాడు.

"ఆ దుడ్డుకు రెండు ఎనుములొచ్చుండేవి" అంది మా ఆవిడ, ట్రాలీ ఆటోలోంచి బండిని దించుతుంటే. "అవి పాలన్నా ఇచ్చుండేవి."

"ఇది పొగ ఇస్తుంది" అన్నాను.

టూ స్ట్రోక్ మోజు ఉన్నవాడికి మామూలుగా మొదట తగిలేది యమహా ఆర్‌ఎక్స్ 100. 1985లో వచ్చింది, 1996లో ఆగింది, 98 సీసీ. దాని తయారీ నిలిచాక పుట్టిన కుర్రాళ్ళు ఇప్పుడు దానికి లక్షకు పైగా పెడుతున్నారు. వాళ్ళతో పోటీపడే వయసూ జేబూ నాకు లేవు. యెజ్డీ కూడా టూ స్ట్రోకే గానీ అలా కాదు. మైసూరులో 1961లో మొదలైన ఐడియల్ జావా ఫ్యాక్టరీ సరుకు. చెక్ దేశపు జావాను తయారుచేస్తూ తయారుచేస్తూ, తర్వాత యెజ్డీ అని సొంత పేరు పెట్టుకుంది. ఆ ఫ్యాక్టరీ కూడా 1996లోనే మూతపడింది. "ఫరెవర్ బైక్, ఫరెవర్ వేల్యూ" అన్నది కంపెనీ నినాదం. కంపెనీ పోయింది, బైకు నా వాకిట్లో ఉంది. కాబట్టి ఆ నినాదంలో సగమైనా నిలబడినట్టే.

"తిరువొత్తియూరులో మన ఎన్‌ఫీల్డ్ ఉండగా మైసూరు బండేందిరా నీకు?" అన్నాడు నాకు పిల్లనిచ్చిన మామ. మామ అంబత్తూరు ఎస్టేటులో లేతు మీద పనిచేసి రిటైరైనాడు. మైక్రోమీటరు లేకుండా దేన్నీ నమ్మడు, సంబంధాలతో సహా.

మామకు నేను చెప్పిన జవాబు ఇది. బుల్లెట్ లాంటి ఫోర్ స్ట్రోక్ బండిలో వాల్వులు, వాటిని లేపే కామ్‌లు, పుష్‌రాడ్లు, ఒక పెద్ద సంసారం ఉంటుంది. టూ స్ట్రోక్ ఇంజన్‌లో కదిలేవి మూడే: పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంకు. సిలిండర్ గోడకు కంతలుంటాయి, పిస్టనే పైకీ కిందికీ పోతూ వాటిని మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పైకి పోయేటప్పుడు తలమీద ఉన్న పెట్రోలు, గాలి మిశ్రమాన్ని నొక్కుతూనే, కింద క్రాంకు పెట్టెలోకి కొత్త మిశ్రమాన్ని పీలుస్తుంది. క్రాంకు ఒక చుట్టు తిరిగితే ఒక పేలుడు. క్రాంకు పెట్టె ఇలా గాలి పంపు పని చేస్తోంది కాబట్టి అందులో ఇంజన్ ఆయిల్ నిలవ పెట్టడానికి చోటు లేదు. లీటరు పెట్రోలుకు నలభై, యాభై మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి ట్యాంకులోనే పోయాలి. అది పనిచేసుకుంటూ కాలిపోయి పొగై పోతుంది. దానితో పాటు కాలని పెట్రోలు కూడా కొంత సైలెన్సర్ దారి పడుతుంది. 2000 నాటికి పొగ నిబంధనలు బిగిసేసరికి ఈ జాతికి నూకలు చెల్లడం మొదలైంది ఇందుకే.

మూడే భాగాలన్న ఈ సులువే నా కొంప ముంచింది. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ ఇప్పి పెడితే చూడవచ్చినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడతారు. టూ స్ట్రోక్ ఇప్పితే ప్రతివాడికీ అర్థమవుతుంది. అర్థమైనవాడు ఊరికే ఉండడు. మా వీధిలో పాతికేళ్ళ వయసు దాటిన ప్రతి మగాడికీ తాతదో, మేనమామదో ఒక రాజ్‌దూతో, టీవీఎస్ 50యో గుర్తుంది. దాన్ని తానే బాగుచేశానన్న నమ్మకమూ ఉంది. ఒక వారంలో బండి నాది కాకుండా పోయింది. నేను దానికి డబ్బు కట్టేవాణ్ణి, అంతే.

డబ్బు కంటే కాగితం కష్టం. బండి నంబరు ఏపీ 03, చిత్తూరు జిల్లాది. నేనుండేది తమిళనాడులో, టీఎన్ 20. బండి రాష్ట్రం మారాలంటే ఫారం 28 పెట్టి అక్కడి ఆఫీసు నుంచి ఎన్ఓసీ తేవాలి. పేరు మారాలంటే 29, 30. పదిహేనేళ్ళు దాటిన బండి గనక ఆర్‌సీ రెన్యువల్‌కు ఫారం 25. ప్రతిదానికీ ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్ రుద్ది ఆ అచ్చు అంటించాలి. మొదటిసారి రుద్దితే నంబరు రాలేదు, తుప్పు అచ్చు పడింది. బల్ల వెనక కూర్చున్నాయన దాన్ని చాలాసేపు తలకిందులుగా కూడా చూశాడు.

ఈ విషయంలో నాకొక చారిత్రక అభ్యంతరం ఉంది. ఆంధ్రకూ మద్రాసుకూ మధ్య సరిహద్దు తగవును పటాస్కర్ గారు మధ్యవర్తిగా కూర్చుని తేల్చిన దాన్నిబట్టి 1959లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో చేరింది. బదులుగా సత్యవేడు వైపు ఊళ్ళు చెంగల్పట్టు జిల్లా నుంచి ఆంధ్రకు పోయాయి. మా అవ్వ పుట్టింటివాళ్ళు తిరుత్తణి తాలూకావాళ్ళు. రాత్రి ఆంధ్రలో పడుకుని పొద్దున మద్రాసులో లేచారు. కొండ మీది స్వామి, ఆయన మూడు వందల అరవై ఐదు మెట్లు, బావులు, ఎనుములు, ఎద్దులబండ్లు అన్నీ అట్లనే వచ్చేశాయి. ఒక్క ఎద్దులబండిని కూడా ఛాసిస్ అచ్చు అడగలేదు. తాలూకాకు తాలూకానే దాటేసిన గీతను నా మోటార్ సైకిల్ దాటడానికి నాలుగు ఫారాలు.

సరే, కాగితాలు వాటి దారిన అవి నడుస్తుండగా మేం ఇంజన్ మీద పడ్డాం. పిస్టన్‌ను ఊడదీయడానికి డీజిల్ పోసి నానబెట్టాం, కొట్టాం, మళ్ళీ నానబెట్టాం. మామ 65 మిల్లీమీటర్ల బోరును మైక్రోమీటర్‌తో కొలిచి, తల ఊపి, బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాలన్నాడు. పిస్టన్ కోసం రైలెక్కి మద్రాసు పుదుపేటకు పోయాను. అక్కడి సందుల్లోకి ఒక బండి మొత్తంగా పోయి నూరు సంచుల్లో బయటికొస్తుంది. నాకు కావలసింది సరిగ్గా దానికి రివర్సు. అంగడాయన నా మాట యాస విని తెలుగులోకి దిగాడు, రేటు మాత్రం దిగలేదు. ఆయిల్ సీళ్ళు అక్కడ దొరక్క మైసూరు నుంచి పార్శిల్ తెప్పించాను. మా జిల్లాలో థర్మల్ స్టేషన్ ఉన్న ఆత్తిపట్టు ఒకటి, అంబత్తూరు పక్కన ఆత్తిపట్టు ఒకటి ఉన్నాయి. మా ఊరి పేరూ ఆత్తిపట్టే, కానీ మాది ఆ రెండూ కాదు. పార్శిల్ మాత్రం ముందు ఆ రెండూ తిరిగి చూసి వచ్చింది.

క్రాంకు బేరింగులు ఎక్కించేటప్పుడు గొడవ ఇంట్లోకొచ్చింది. సుత్తితో కొడితే అల్యూమినియం పెట్టె పగులుతుంది. పద్ధతి ఏమంటే, బేరింగును ఫ్రీజర్‌లో పెట్టి ముడుచుకోనివ్వాలి, పెట్టెను వేడిచేసి సాగనివ్వాలి. ఇనుము కంటే అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. అప్పుడు దెబ్బ కొట్టే పనిలేకుండా బేరింగు తన చోట్లోకి తానే పడిపోతుంది. మా ఆవిడ ఐసు కోసం ఫ్రీజర్ తలుపు తీసింది.

"ఈ ఇనప వడలేంది?"

ఆమెకు వివరించేలోపు మామ క్రాంకు పెట్టెను తెచ్చి ఆమె గ్యాస్ స్టవ్ మీద పెట్టాడు. ఆడపిల్లనిచ్చిన ఇంట్లో పెద్దరికం అనేదొకటి లేకపోతే ఆ రోజు మామ మైక్రోమీటరు తిరువళ్ళూరు దాకా ఎగిరిపోయుండేది. పెట్టె మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమన్నాక బేరింగు తెచ్చి వదిలాం. 'టక్'మని లోపలికి దిగి కూర్చుంది. వంటింట్లో ఎవరూ మాట్లాడలేదు. చివరికి మా ఆవిడే అడిగింది, "ఇంకోటి ఉండాదా?" రెండోది ఆమే వదిలింది. ఆ తర్వాత బండి గురించి ఎవరైనా అడిగితే "మేం ఇంజన్ కట్టినాం" అని చెప్పడం మొదలుపెట్టింది.

యెజ్డీకి సిలిండర్ ఒక్కటే అయినా పొగ పోవడానికి రెండు కంతలు, రెండు సైలెన్సర్లు. లోపల ఏళ్ళ తరబడి పేరుకున్న కార్బన్ పోవాలంటే కాల్చాలి. వెనక దొడ్లో మంట వేసి రెండూ కాల్చాం. ఆ వాసన గురించి వీధిలో ఇప్పటికీ మాట్లాడతారు. ఆ పై వారం బండి మొదటిసారి స్టార్టయింది. పాల సొసైటీ పెద్దాయన ఒకప్పుడు రాజ్‌దూత్ నడిపినాయన. "కొత్త పిస్టను, ఆయిల్ రోంత ఎక్కువే పోయి నాయనా, ఏం గాదు" అని తన చేత్తోనే పోశాడు. ఆయన రోంత సుమారుగా చెంబుడు. రెండు సైలెన్సర్లలోంచీ నీలంగా, చిక్కగా వచ్చిన పొగ మొదట మా ఇంటిని, తర్వాత ఎదురిల్లును కనబడకుండా చేసింది. పంచాయతీ దోమల పొగ వచ్చిందనుకుని ఆడవాళ్ళు నీళ్ళ బిందెల మీద మూతలు పెట్టారు. పిల్లలు పొగలోకి దూరి గంతులేశారు. ఆ రాత్రి దోమలు తక్కువగా ఉన్నాయని కొందరన్నారు.

మా చెల్లెలి కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడు వచ్చి నడుపుతానన్నాడు. బండి చుట్టూ తిరిగి, "మామా, కిక్కరు ఎవరో ఎత్తకపోయినారే" అన్నాడు. యెజ్డీకి కిక్కరూ గేరూ ఒకే రాడ్డు. నిలబెట్టి తొక్కితే స్టార్టవుతుంది, ముందుకు పడుకోబెడితే గేరు రాడ్డవుతుంది. ఇది చెప్పకుండా వాణ్ణి ఒక సాయంత్రమంతా వెతకనివ్వడం మా మామ పెట్టిన ప్రవేశ పరీక్ష.

ఎన్ఓసీ ఇంకా రాలేదు, కానీ రంగు ఆరింది. కాబట్టి ఊళ్ళోనే గంగమ్మ గుడి ముందు పూజ పెట్టుకున్నాం. పూజారి పసుపు కుంకుమ పెట్టి, ట్యాంకుకు మాల వేసి, రెండు చక్రాల ముందూ చెరొక నిమ్మకాయ ఉంచి, హారతి పళ్ళెంతో పక్కకు జరిగాడు. బండి మూతి తిరువళ్ళూరు వైపు, వెనక భాగం నగరి వైపు. జనమంతా, బుద్ధిగా, బండి వెనక నిలబడ్డారు.

ముందురోజు రాత్రి మామ, ప్లగ్గు ఎప్పుడు కాలాలో చెప్పే పాయింట్లను ముట్టుకున్నాడని నాకు తెలియదు. "ప్లగ్గు ఇంకా ముందుగా కాలితే పికప్ వస్తాది" అని ఆయన సిద్ధాంతం. ప్లగ్గు మరీ ముందుగా కాలితే, ఇంకా పైకి చేరని పిస్టన్‌ను ఆ పేలుడు వచ్చిన దారినే వెనక్కి తంతుంది. క్రాంకు తిరుగుడు తారుమారవుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనైతే అక్కడితో ఆగిపోతుంది. టూ స్ట్రోక్‌కు వాల్వులు లేవు, గోడకున్న కంతలకు పిస్టన్ ఏ వైపు నుంచి వస్తే ఏం? తిరగబడిన వైపే హాయిగా నడుస్తుంది. చప్పుడు కూడా అదే. నేను తొక్కగానే కిక్కరు ఎదురు తన్ని పిక్క అదిరింది, ఇంజన్ మాత్రం కమ్మగా అందుకుంది. జనం ఈలలేశారు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను.

ముందు చక్రం ముందున్న నిమ్మకాయ ఉన్నచోటే ఉంది. నేనూ బండీ మాలతో సహా నగరి దిక్కుగా పోతున్నాం. జనం రెండు పక్కలకూ దూకుతున్నారు. పాల సొసైటీ పెద్దాయన మాత్రం కండువా భుజాన వేసుకుంటూ పరిగెత్తుకొస్తూ అరిచాడు:

"పట్టండ్రా! ఎన్ఓసీ లేకనే ఆంధ్రాకు ఎల్లిపోతా ఉండాది!"