తోకలేని పందికొక్కుకి రాజవైద్యం

గుంటూరులో రైలెక్కి, ఒళ్లో అట్టపెట్టె పెట్టుకుని, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోలో ఇంటికి చేరి మూత తీయగానే మా అవ్వ తొంగి చూసి అడిగింది: "పందికొక్కుకి తోక యాడ బోయిందిరా?"

కూర్చోబెట్టి చెప్పాను. ఇది పందికొక్కు కాదవ్వా, గినీ పిగ్గు. పేరులో పంది ఉందిగానీ పంది కాదు, గినీ ఉందిగానీ ఆ దేశంతో దీనికి చుట్టరికం లేదు. దక్షిణ అమెరికాలో, పెరూ వైపు కొండల్లో జనం వేల ఏళ్ల కిందట మచ్చిక చేసుకున్నారు. అక్కడ ఇప్పటికీ పండక్కి కోసుకుని వండుకుంటారు. ఈ ఆఖరి మాట చెప్పకుండా ఉండాల్సింది. అవ్వ దాన్ని ఇంకోసారి చూసింది, ఈసారి ఎంత తూగుతుందో అంచనా కట్టే చూపుతో.

ఆమె పొరబడిందనీ అనలేం. రెండూ కొరుకుడు జాతే. మన 'పందికొక్కు'ని తెల్లవాళ్లు నోరు తిరిగినంత మేర తిప్పుకుని 'బ్యాండికూట్' అని తమ నిఘంటువులో వేసుకున్నారు. బదులుగా మనకి ఇంకో పందిని పంపినట్టున్నారు. తేడా అల్లా ఆదరణలో ఉంది. పందికొక్కు గాదె దగ్గర కనబడితే మందు కలిపిన ఉండలు పెడతాం. గినీ పంది గదిలో కనబడితే మందు చుక్కలు పోస్తాం. ఏ మందుకి ఎక్కువ ఖర్చవుతుందో నా దగ్గర బిల్లులున్నాయి.

మీకూ ఇలాంటి జీవిని తెచ్చుకోవాలన్న బుద్ధి పుడితే, మొదటి రెండు నెలలు నేను తుచ తప్పకుండా పాటించిన పద్ధతి రాస్తున్నాను. జంతువు సంగతి ఎలా ఉన్నా, దుకాణం మాత్రం పుష్టిగా ఉంటుంది.

కొనేటప్పుడు ఏమీ అడగకండి. 2018 నిబంధనల ప్రకారం పెంపుడు జంతువులు అమ్మే దుకాణానికి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ కాగితం చూపించమనడం మర్యాద కాదు. ఒంటరిగా ఉంటే బెంగ పెట్టుకుంటాయి, జతగా తీసుకోండన్నాడు షాపాయన. అది నిజమే, ఇవి గుంపుగా బతికే జీవాలు. మగా ఆడా కలిస్తే ఇల్లు నిండిపోదా అంటే, "రెండూ ఆడవే అన్నా, గ్యారంటీ" అన్నాడు. ఆ గ్యారంటీ మీదే బుజ్జినీ చిట్టినీ తెచ్చుకున్నాను, దానికి రసీదు లేదు. సీసాలకి మాత్రం మూరెడు బిల్లు చేతిలో పెట్టాడు.

సీసాలన్నిట్లోకీ పెద్ద ముత్తైదువ విటమిన్ సి చుక్కల సీసా. రోజూ పొద్దున్నే తాగే నీళ్లలో కలపండి. వెలుగు తగిలి, నీళ్లలో నాని, సాయంత్రానికి ఆ విటమిన్ చాలావరకు చచ్చిపోతుంది. మిగిలిన వాసన నచ్చక జంతువు నీళ్లు తాగడం తగ్గిస్తుంది. ఈ విధంగా విటమినూ అందదు, నీళ్లూ అందవు. సీసా మాత్రం నెలకొకటి ఖాళీ అవుతుంది, అదే మనకి తృప్తి.

అసలు చిక్కేమిటంటే, దానికి సి విటమిన్ బయటి నుంచి అందాల్సిందేనన్నది అబద్ధం కాదు. ఆవు, గొర్రె, కుక్క, పిల్లి, అవ్వ చెప్పే అసలు పందికొక్కు, ఇవన్నీ తమ ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. ఆ తయారీకి కావలసిన ఎంజైమును పోగొట్టుకున్న కొద్దిమంది అభాగ్యుల్లో మనం, కోతులు, గినీ పందులు ఉన్నాం. 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు ఓడల్లో నావికులకొచ్చే జబ్బు గుట్టు తేల్చబోయి, గినీ పందులకి ఉత్త ధాన్యం పెట్టి చూశారు. వాటికి స్కర్వీ వచ్చింది. పచ్చి ఆకు పెడితే రాలేదు. తర్వాత పాతికేళ్లకి హంగేరీలో సెంట్ జ్యోర్జీ ఈ విటమిన్‌ని ఎక్కడి నుంచి తీశాడనుకున్నారు? మిరపకాయల నుంచి. కారం లేని వాళ్ల ఊరి ఎర్ర మిరప. 1937లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. మిరప పండించి, అమ్ముకుని, ఆ డబ్బుతో చుక్కల సీసా కొనుక్కొచ్చే మా ఊరివాడిని ఆయన చూడలేదు.

కిలో బరువున్న గినీ పందికి రోజుకి కావలసింది 10 నుంచి 30 మిల్లీగ్రాములు. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తిరగేస్తే 100 గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాములకి పైనే కనబడుతుంది. అంటే బొటనవేలంత జామ ముక్కతో పూట గడిచిపోతుంది. పండు మరీ ఎక్కువైతే తీపి చేటు కాబట్టి ముక్కతో ఆపి, కొత్తిమీర, క్యాప్సికం రోజుకింత వేస్తే చాలు. నల్లమల ఉసిరికాయలో జామని మించి ఉంటుంది. పెట్టి చూశాను. బుజ్జి ఒక్క గాటు వేసి, మూతి ముడిచి, గోడకేసి తిరిగి కూర్చుంది. ఇదంతా కూరగాయల బండి దగ్గర దొరుకుతుంది కనక మీకు చెప్పుకోదగ్గ గొప్పేమీ మిగలదు. నిండు సీసా బల్ల మీద ఉంటే ఇంటికొచ్చినవాళ్లు అడుగుతారు. కొత్తిమీర కట్ట ఉంటే చారు పెడుతున్నారా అంటారు.

రెండో వస్తువు మినరల్ రాయి. బోను ఊచకి వేలాడదీస్తే జంతువు నాకి బలం తెచ్చుకుంటుందట. మా వైపు ఈ రాయి కొనడమంటే చెరుకుతోటకి బెల్లం పంపడమే. కనిగిరి, దర్శి, పొదిలి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో, అది ఎన్ని ఊళ్లలో మోకాళ్లు వంచిందో, పళ్ల మీద ఎలా రాసిపోయిందో వేరే చెప్పనక్కర్లేదు. 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ ప్రాజెక్టు సొరంగాల నీళ్ల గురించి మా నాన్న అరుగు మీద మాట్లాడేవాడు, నేను వాట్సాప్‌లో మాట్లాడుతున్నాను. ఇంతకీ రాయి నాకి ఈ జీవి తిండిలో కాల్షియం ఎక్కువైతే మిగులంతా ఉచ్చలోకే దిగుతుంది, పేరుకుంటే మూత్రాశయంలో రాయి కడుతుంది. బయట రాయి వేలాడదీసి లోపల రాయి పెంచే ఈ ఏర్పాటు కుదరాలంటే దుకాణానికి వెళ్లాల్సిందే. గడ్డీ ఆకూ తినేవాటికి ఈ రాయితో పని లేదు. నీళ్లు మనం తాగే క్యాన్ నీళ్లే పోస్తే సరి.

షాంపూ, చెవులు తుడిచే మందు, ఒంటిమీద చల్లే సెంటు, ఈ మూడింటి గురించి ఎక్కువ చెప్పను. గినీ పంది తన ఒళ్లు తనే నాక్కుని శుభ్రం చేసుకుంటుంది. కంపు కొడుతోందంటే తప్పు దానిది కాదు, మీరు పక్క మార్చలేదు. నేను పండగ రోజు తలంటి పోశాను. గంటసేపు వణికింది. గోళ్లు కత్తిరించే చిన్న కత్తెర ఒక్కటి మాత్రం నిజంగా పనికొచ్చింది. అది అన్నిట్లోకీ చవక, అందుకే కాబోలు షాపాయన చివర్లో గుర్తు చేశాడు. కుందేళ్లకీ వీటికీ అని అమ్మే తిరిగే చక్రం, దొర్లే ప్లాస్టిక్ బంతి కూడా ఉన్నాయి. వీటి వెన్ను అందుకు తగినది కాదు. మా ఇంట్లో ఆ బంతి ఇప్పుడు వరండాలో బల్బుకి డోము.

గడ్డి సంగతికి వద్దాం. గడ్డి కొనాలి. అదీ విమానమెక్కి వచ్చిన తిమోతీ గడ్డి. పొట్లం మీద పచ్చిక బయలు, మంచు కొండ, నవ్వుతున్న గినీ పంది ఉండాలి. చుట్టుపక్కల నల్లమల, వెలిగొండ కొండలున్న ఊళ్లో కూర్చుని అట్ట మీది కొండని చూస్తూ కిలో గడ్డికి వందలకి వందలు పోస్తుంటే మా నాన్న ఏమీ అనలేదు. బర్రెని మాత్రం ఒకసారి జాలిగా చూశాడు.

వీటి పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. అరగాలంటే పొద్దస్తమానం పీచు నమలాలి. తిండిలో ముప్పాతిక వంతుకి పైగా గడ్డే ఉండాలి. కాబట్టి గడ్డి విషయంలో పిసినారితనం కూడదు. కానీ గడ్డి కొత్తగా కనిపెట్టిన వస్తువేం కాదు. గట్టున గరిక ఉంది. కోసి నీడన ఆరబెడితే బుజ్జీ చిట్టీ దాని మీదే పడి మేసేవి. ఇక్కడ అవ్వ రెండు కట్టుబాట్లు పెట్టింది, పొట్లం మీద లేనివి. మిరప, పత్తి చేల గట్ల మీద గరిక కోయొద్దు. అక్కడ వారం తిరక్కుండా మందు కొడుతుంటారు. వానల్లేక గిడసబారిన లేత జొన్న పిలకలు అసలు పెట్టొద్దు. నాము అనే విషం ఉంటుంది, ఎద్దులే పడిపోతాయి. కిందికి పరుపుగా కంభం చెరువు కింద పండిన వరిగడ్డి వేసి, రెండు రోజులకోసారి మార్చమంది. పశువుల కొట్టం నడిపినామెకి బోను నడపడం ఎంతసేపు?

మే నెలలో మార్కాపురంలో 43, 44 డిగ్రీలు మామూలే. గినీ పంది చల్లటి కొండ ప్రాంతపు సరుకు. 30 దాటితేనే వడదెబ్బకి దగ్గరవుతుంది. అందుకని దుకాణంలో 'కూలింగ్ టైల్' అమ్ముతారు. నేను ఆన్‌లైన్లో తెప్పించాను. పెట్టె విప్పితే లోపల ఏముందనుకున్నారు? పలక రాయి. అక్షరాలా పలక రాయే, నాలుగు అంచులూ నునుపు చేసి. దేశమంతటి పిల్లల చేత అఆలు దిద్దించిన ఊరు మాది. ఊరి చుట్టూ పనికిరాదని పారేసిన పలక రాయి గుట్టలు గుట్టలుగా పడుంది. అలాంటి ఊరికి పలక ముక్క కొరియర్లో వచ్చింది. తెచ్చిన కుర్రాడు సంతకం పెట్టించుకుంటూ, "ఏముందన్నా లోపల, బరువుంది?" అన్నాడు. పుస్తకమని చెప్పాను.

తర్వాత గుట్ట మీది నుంచి రెండు పెద్ద ముక్కలు ఏరుకొచ్చి, కడిగి, ఎండ తగలని మూల వేశాను. మిట్టమధ్యాహ్నం రెండూ వాటి మీద బోర్లా పరుచుకుని పడుకునేవి. పనిలోపనిగా గోళ్లు కూడా కొంత అరిగాయి. బోను కిటికీ దగ్గర్నుంచి జరిపి, పైన తడిగుడ్డ వేలాడదీశాం. కరెంటు పోయినప్పుడు అవ్వ విసనకర్ర విసిరేది, సగం తనకి, సగం వాటికి.

జబ్బు చేస్తే? నేరుగా మెడికల్ షాపుకి పొమ్మనేవాళ్లుంటారు. ఇక్కడ కాసేపు వెటకారం పక్కన పెడతాను. చిన్నపిల్లలకిచ్చే అమోక్సిసిలిన్ తియ్యటి సిరప్ గినీ పందికి పట్టారంటే దాని పేగుల్లో ఉండాల్సిన మంచి క్రిములు చచ్చి, విషం పుట్టించే క్రిములు పెరిగి, జంతువు రోజుల్లో పోతుంది. పెన్సిలిన్ జాతి మందులన్నీ ఇంతే. గినీ పంది గడ్డి మానేసి పూట గడిచిందంటే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. జబ్బుని దాచుకునే స్వభావం దీనిది, మనకి కనబడేసరికే ముదిరి ఉంటుంది. విటమిన్ చుక్కలైనా, పేగుల మందైనా డాక్టరు రాసినప్పుడు నోట్లో పట్టాల్సినవి. అవి వైద్యం. అలమర్లో వరసగా పేర్చుకున్నవి అలంకారం.

ఇంకో ప్రమాదం చుట్టాలు. చిట్టి గోక్కుంటోందని ఫోన్లో అన్నానో లేదో, గిద్దలూరు నుంచి మా మామ బస్సెక్కి వచ్చాడు, గొర్రెలకి పొడిచే ఐవర్‌మెక్టిన్ సీసా జేబులో వేసుకుని. గజ్జి పురుగుకి అది మంచి మందే, ఆయన మీద వంక పెట్టను. కానీ ఆ సీసా లెక్క 50 కిలోలకి ఒక మిల్లీలీటరు. మా చిట్టి అప్పటికి కిలో కూడా లేదు. "ఎంత పొడవాల్రా అల్లుడా, చుక్కలో చుక్కా?" అని సూదిని దీపం ముందు పెట్టి చూసి, కాఫీ తాగి, వెళ్లిపోయాడు. మర్నాడు డాక్టరుగారు చూసి కొలిచి వేశారు. ఆయనా జీవితంలో దీన్ని చూడటం ఇదే మొదలన్నారు, కానీ పుస్తకం తీసి చదివి మరీ వేశారు.

డాక్టరుగారే చెప్పారు, అన్నిటికన్నా పనికొచ్చే పరికరం తక్కెడ అని. వారానికోసారి తూచాలి, రాసుకోవాలి. బరువు తగ్గిందంటే లోపల ఏదో మొదలైనట్టు. ఇందుకు వీధి చివర కిరాణా కొట్టు చాలు. కంది పప్పు తూచే పళ్లెంలో, కింద గుడ్డ వేసి, ఆదివారం ఉదయం జనం రాకముందు. కొట్టు పెద్దాయన మొదట్లో మొహం చిట్లించాడు. ఇప్పుడు తనే అంకె పైకి చదువుతున్నాడు.

ఆ అంకెలు రాయడానికి అటక మీద నుంచి నా చిన్నప్పటి పలక దించాం. అవ్వకి అక్షరాలు రావు, అంకెలు వస్తాయి. మొదటి వారం బలపంతో రాసిన లెక్క: బుజ్జి 610, చిట్టి 640. పదో వారానికి బుజ్జి 820. చిట్టి 1,150.

అవ్వ పలక వంక చూసింది, చిట్టి వంక చూసింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని పొట్ట కింద వేళ్లు మెల్లిగా ఆనించి, కళ్లు మూసుకుంది. జీవితమంతా మేకల్నీ బర్రెల్నీ అలా చూసిన చెయ్యి. "మూడు," అంది. కాసేపాగి, "నాలుగురా," అంది. బుజ్జి మూలన పలక మీద పరుచుకుని, తనకేమీ తెలియనట్టు గరిక నములుతోంది. నములుతున్నాడు.

గుంటూరు షాపుకి ఫోన్ చేశాను. ఆయన సాంతం విన్నాడు. "రెండూ ఆడవే అన్నా," అన్నాడు. ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుని, "బాలింతలకి మంచి టానిక్కు వచ్చిందన్నా మొన్ననే. కొరియర్ చేయమంటారా?" అన్నాడు.